నూట నలభై మూడు గింజలు

జూన్ 10, మంగళవారం

ఈ ఉదయం 11 గంటల 20 నిమిషాలకు వంతుల మార్పిడి కట్టుబాటు, అమలుకు ముందు ఆడి చూసే ఆటలో నెగ్గింది. పన్నెండు చుట్లు పూర్తయ్యాయి, పద్నాలుగు గుంటల్లో ఒక్కటీ ఖాళీ అయి మూత పడలేదు. దీంతో జూన్ 20 శుక్రవారం ఉదయం ఆరింటి నుంచి ఏడో లంకలో ఒక వీధి తన నీటి వంతును ఇంకో వీధికి ఇచ్చి, బదులుగా కావలసింది తీసుకోవచ్చు.

ఆట ముగిశాక పీట మీది గింజలు లెక్కపెట్టారు. 140 ఉండాలి. 143 ఉన్నాయి.

రేపటి గోడపత్రికకు మొదటి పేరా సిద్ధం చేశాను. రెండో పేరాకు కారణం తెలియదు. తెలిసేదాకా ఈ పుస్తకంలో రాసుకుంటాను.

గింజలు లెక్కపెట్టింది వంతుల సంఘం గుమాస్తా త్రిమూర్తులు. ఆటసావడి ఖాళీ అయ్యాక కూడా ఆయన పీట ముందు గొంతుక్కూర్చునే ఉన్నారు. అది ఇళ్ళలో పిల్లలు ఆడుకునే వామనగుంటల పీటలాంటిదే, కాకపోతే పడవంత పొడుగు. ఇటు ఏడు గుంటలు, అటు ఏడు, వీధికొకటి. గుంటలో ఒక చింతగింజ ఉంటే ఆ వీధికి రోజూ పది నిమిషాల నీళ్ళ హక్కు ఉన్నట్టు. ఇప్పుడు ప్రతి వీధికీ రోజుకు వంద నిమిషాలు కుళాయి వస్తుంది కాబట్టి ఆట మొదట్లో గుంటకు పదేసి గింజలు పోస్తారు.

"మూడుసార్లు లెక్కెట్టానండి," అన్నారు త్రిమూర్తులు. "మూడుసార్లూ నూట నలభై మూడే."

"పొరపాటు పడ్డారేమో."

"పొరపాటైతే ఒక్కోసారి ఒక్కో అంకె వచ్చేదండి. నా పొరపాట్లకి అంత నిలకడ లేదు."

సంఘం పెద్ద నూర్జహాన్‌గారు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మూడు గింజలకేముంది త్రిమూర్తులూ, నూట నలభై అని రాసేసి అన్నానికి వెళ్ళు," అన్నారు. ఆయన 143 అనే రాశారు. ఆమె వెళ్ళాక నాతో అన్నారు:

"ఉప్పునీళ్ళు వడగట్టే ప్లాంటు రోజుకు పద్నాలుగు వందల నిమిషాలు తిరుగుతుంది. మిగతా నలభై నిమిషాలు దాన్ని కడగడానికి. సముద్రం ఎంత పెద్దదైనా మనకొచ్చే మంచినీళ్ళు అంతేనండి. మరి పీట మీద పద్నాలుగు వందల ముప్పై నిమిషాల నీళ్ళున్నాయి. ఆ అరగంట నీళ్ళు ఎక్కడివి?"

జూన్ 11, బుధవారం

ఆ నీళ్ళు ఎక్కడివో తెలియలేదు. గింజలు ఎవరివో తెలిసింది.

లంకలో చింతచెట్టు పెరగదు. గింజలు మెరక ఊళ్ళ నుంచి పడవలో వస్తాయి. అందుకని ప్రతి గింజ మీదా వీధి నంబరు లక్కతో వేసి, ఆట అయ్యాక ఎవరివి వాళ్ళు ఇంటికి పట్టుకుపోతారు. ఉదయం పత్రిక అంటించి, చేతులకున్న మైదా జిగురు కడుక్కుని సావడికి వెళ్ళాను. లెక్క కుదరక ఇంకా అక్కడే ఉంచిన గింజల్ని నేనూ త్రిమూర్తులూ చాప పరిచి నంబర్ల వారీగా కుప్పలు పోశాం. పదకొండు వీధుల గింజలు పదేసి ఉన్నాయి. మూడు వీధులవి పదకొండేసి: రెండు, పది, పన్నెండు.

ఎక్కువ గింజలు రావడానికి దారి ఉంది. ఆడేవాళ్ళు తమ గింజల్ని గుడ్డసంచిలో తెచ్చుకుంటారు. ఒకటీ అరా పోతే వేసుకోవడానికి సంచిలో అదనంగా కొన్ని ఉంచుకుంటారు.

పన్నెండో వీధి తరఫున ఆడింది పోలయ్య. వలలు బాగుచేస్తాడు. అడగ్గానే ఒప్పుకున్నాడు.

"ఆయ్, నేనే వేశానండి. ఏం?"

"ఆటలో అలా వేయొచ్చా?"

"వేయకూడదని ఎవరన్నా అన్నారా?"

"కట్టుబాటులో లేదు కదా."

"లేకపోతే లేకపోయింది. ఎదురుగా మనిషి గుంట ఖాళీ అయిపోయి కూచుంటే ఎలా చూత్తా ఊరుకుంటామండి? చేదోడు గింజ వేయకుండా ఆడితే మా అమ్మ చెయ్యి మీద కొట్టేది."

చేదోడు గింజ సంగతి నాకూ తెలుసు. ఈ లంకలో వామనగుంటలు నేర్చుకున్న ప్రతివాళ్ళకూ తెలుసు. అవతలివాళ్ళ గుంటలన్నీ ఖాళీ అయితే ఆట ఆగిపోతుంది. ఆగకుండా ఉండాలంటే మన దగ్గర్నుంచి ఒక గింజ వాళ్ళ గుంటలో వేయాలి. చూసేటట్టు వేయకూడదు. నాకు ఆరేళ్ళప్పుడు మా మేనత్త నేర్పింది. నిన్న సావడిలో నాలుగు గంటలు కూర్చుని కూడా ఆ సంగతి నాకు తట్టలేదు.

పోలయ్య గింజ వేసింది పదకొండో గుంటలో, ఆరో చుట్టులో. అది ఎస్తేరు గుంట.

పదో వీధి మంగతాయారు ఎండుచేపలు తిరగేస్తోంది. విషయం చెప్పగానే నవ్వింది.

"నేనొక్కదాన్నే వేశాననుకున్నాను. పోలయ్య కూడా వేశాడా? దొంగసచ్చినోడు, చెప్పనేలేదు!"

"మీరు ఎన్నో చుట్టులో వేశారు?"

"ఎనిమిదిలో. ఎస్తేరుకి మళ్ళీ మోటారు చీటీ వచ్చింది చూడండి, అప్పుడు."

ప్రతి చుట్టులోనూ ఒక్కో వీధి ఒక్కో చీటీ తీస్తుంది. పోయినేడు ఫిర్యాదుల పుస్తకంలోకి నిజంగా ఎక్కిన ఇబ్బందుల నుంచే ఆ చీటీలు రాస్తారు. మోటారు కాలింది, పడవ పగిలింది, జ్వరాలొచ్చాయి అని ఉంటుంది. సగం చీటీల్లో ఏమీ ఉండదు. ఇబ్బంది వస్తే సాయం చేయగల వీధికి గింజలిచ్చి గట్టెక్కాలి. కొత్త కట్టుబాటు అంటే అదే.

మూడో గింజ రెండో వీధిది. ఆ వీధి తరఫున ఆడింది కోదండం. ఆయనే ప్లాంటు ఇంజనీరు, కట్టుబాటు రాసింది కూడా ఆయనే. మధ్యాహ్నం ప్లాంటుకు వెళ్ళేసరికి వడపోత పొరలు బయటకు లాగి కడుగుతున్నారు.

"నేను వేయలేదు," అన్నారు.

జేబులోంచి గింజ తీసి ఆయన అరచేతిలో పెట్టాను. రెండో నంబరు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"వేసినట్టు గుర్తులేదండి," అన్నారు చివరికి. "పదకొండో చుట్టు అయ్యుండాలి. ఎస్తేరు గుంట నా ఎదుటి వరసలోనే ఉంది. ఈ కట్టుబాటు కోసం ఏడాది పని చేశాను. వంతు అయిపోయేసరికి వాడని నీళ్ళన్నీ కాలువలో పోస్తున్నాం. లంక మొత్తం మీద రోజుకు మూడు వందల నిమిషాల నీళ్ళు. ఇవి చేతులు మారితే చాలు, అందరికీ సరిపోతాయి. అలాంటి నేను గింజ ఎందుకు వేస్తాను?"

"గింజ మాత్రం ఉంది."

"ఉంది." ఆయన చెయ్యి తుడుచుకుని గింజ తిరిగిచ్చారు. "పత్రికలో వేస్తారా?"

"వేస్తాను."

"పేరుతోనా?"

"పేరుతోనే."

"సరే. అక్షరదోషాలు లేకుండా వేయండి. పోయినసారి కోదండపాణి అన్నారు."

జూన్ 12, గురువారం

ఎస్తేరుకు యాభై రెండేళ్ళు. పదకొండో వీధి చివర వరి నారుమళ్ళు ఆమెవి. లంకలో నాట్లు వేసే ప్రతి మడికీ నారు ఆమె దగ్గర్నుంచే పోతుంది. విత్తనం చల్లింది ఈ నెల 7న. ఇరవై అయిదు రోజులకు, అంటే జూలై 2న, నారు పీకాలి. ఈలోగా రెండు రోజులు మంచినీళ్ళతో తడపకపోతే అడుగునున్న ఉప్పు పైకొచ్చి నారు ఎర్రబడి పోతుంది.

ఉదయం ఆరింటికి వెళ్ళాను. మడి గట్టు మీద కూర్చుని కలుపు తీస్తోంది.

"ఆటలో మీ గుంట మూడుసార్లు ఖాళీ అయింది. మూడుసార్లూ ఎవరో ఒకరు గింజ వేశారు. మీరు చూశారా?"

"చూశాను."

"చెప్పలేదేం?"

"ఇచ్చేవాళ్ళు చూడకుండా ఇస్తే, పుచ్చుకునేవాళ్ళు చూడనట్టుండాలి కదండీ."

"ఆ గింజలు పడకపోతే?"

ఆమె కలుపు పక్కన పెట్టింది. "మూత పడేది. నిజంగానైతే వాల్వుకి సీలు వేసేవాళ్ళు. ఖాళీ గొట్టం ఊరుకోదట, అతుకుల్లోంచి ఉప్పునీళ్ళు పీల్చేసుకుని పక్క వీధి నీళ్ళు కూడా చెడగొడుతుందట. కోదండం బాబు చెప్పారు. మూడు గింజలు సంపాదించుకుంటే గానీ మళ్ళీ తెరవరు. మా వీధిలో ఐసు లేదు, పడవల పని లేదు. నా దగ్గరున్నది నారు. అది చేతికొచ్చేది జూలైలో."

ఆమె మాట్లాడుతుండగానే గోడ అవతల్నుంచి "ఎస్తేరూ!" అని కేక వినిపించింది. పదో వీధి దొడ్డిగోడ మీదికి నీళ్ళబిందె వచ్చింది. ఆమె అందుకుని మళ్ళో పోసి, ఖాళీ బిందె గోడ మీద పెట్టింది. అవతలి చెయ్యి దాన్ని తీసుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. నిమిషానికి ఇంకో బిందె. ఇటు పన్నెండో వీధి గోడ మీంచి ఇంకొకటి.

"రోజూ ఇంతేనా?"

"మా వంతు నీళ్ళు ముప్పై ఇళ్ళకు తాగడానికీ వండుకోవడానికీ సరిపోతాయి. అవి కూడా సాయంత్రం అయిదూ ఇరవైకి గానీ రావు. నారుకు పొద్దున్నే కావాలి. నారు తాగేది గోడ మీంచి వచ్చినవే."

ఎనిమిది దాకా కూర్చుని లెక్కపెట్టాను. 118 బిందెలు.

సావడికి వెళ్ళి త్రిమూర్తుల్ని ఒక మాట అడిగాను: పది నిమిషాల కుళాయికి ఎన్ని బిందెలు నిండుతాయి? నలభై అన్నారు. కాగితం మీద గుణించుకున్నాను. మూడు గింజలు, నూట ఇరవై బిందెలు. నేను లెక్కపెట్టినదానికి రెండు ఎక్కువ.

ఆ అరగంట నీళ్ళు ఎక్కడివని త్రిమూర్తులు అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. ఆ నీళ్ళు ప్లాంటు కొత్తగా తయారుచేసినవి కావు. ఇప్పటికే ఉన్నవి, గోడల మీంచి నడుస్తున్నవి. సంఘం పుస్తకంలో వాటికి గడి లేదు. పీట మీద ఆడినవాళ్ళు తమకు తెలియకుండానే వాటిని కూడా తెచ్చి పోశారు.

ఇంకొకటి. కట్టుబాటు ఫైలు చూపించమని అడిగాను. అందులో లెక్కల యంత్రం ఇచ్చిన కాగితం ఉంది, తారీఖు ఏప్రిల్ 3. యంత్రం ఈ కట్టుబాటును పది లక్షల సార్లు ఆడి చూసింది. ఫలితం ఒక్క వరుస: "11వ వీధి, 7వ రోజు, మూత." దాని పక్కన సంఘం వాళ్ళ చేతిరాత: "యంత్రానికి మనుషులు తెలియరు. ఆటే ప్రమాణం."

అలా రాయడానికి వాళ్ళకు కారణం ఉంది. ఇరవై ఏళ్ళ కిందట నాలుగో లంక యంత్రాన్ని నమ్మి వంతులు మార్చింది. యంత్రం లెక్క తప్పలేదు. తొమ్మిదో రోజున జనం అలిగి గొట్టాలు పగలగొట్టారు. అలకను ఎలా లెక్కగట్టాలో దానికి ఎవరూ చెప్పలేదు. అప్పటినుంచి మనుషులు కూర్చుని ఆడకుండా ఏ లంకలోనూ ఏ కట్టుబాటూ అమలు కావడం లేదు.

ఈ మూడు సంగతులూ కలిపి పత్రికకు రాసి, కోదండం పేరు రెండుసార్లు సరిచూసుకుని అంటించాను. సాయంత్రం నాలుగున్నరకు నూర్జహాన్‌గారు కబురు చేశారు. శనివారం మళ్ళీ ఆట.

జూన్ 14, శనివారం

రెండో ఆట ఉదయం 8 గంటలకు మొదలై మధ్యాహ్నం 1:05కి ముగిసింది. మూడు గుంటలకు మూతలు పడ్డాయి. మొదటిది పదకొండో గుంట, ఏడో చుట్టులో.

గింజలన్నీ పోసి ముందే లెక్కపెట్టారు: 140. సంచులు గుమ్మం దగ్గర కొక్కేలకు తగిలించారు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడవమన్నారు.

"దొంగల్ని చేశారు మమ్మల్ని," అంది మంగతాయారు.

"ఇచ్చినందుకు దొంగలైంది మీరే మొదలు, కూర్చోండి," అన్నారు నూర్జహాన్‌గారు. సావడంతా నవ్వారు.

ఏడో చుట్టు దాకా ఎస్తేరు ఆట నా నోట్సులో ఇలా ఉంది. మొదటి చీటీ ఖాళీ. రెండో చుట్టులో మోటారు కాలింది, వేరే మోటారూ కరెంటూ ఇచ్చినందుకు రెండో వీధికి రెండు గింజలు. మూడో చుట్టులో మడి మీది నీడవల చిరిగింది, పన్నెండో వీధికి ఒక గింజ. అక్కడ కొంచెంసేపు ఆట ఆగింది.

"ఒక వల కుట్టినందుకు తీసుకోవాలా?" అన్నాడు పోలయ్య.

"తీసుకోవాలి. బదులు లేకుండా గింజ కదలకూడదు, బదులు ఉంటే కదలక తప్పదు," అన్నారు నూర్జహాన్‌గారు. "కట్టుబాటు అలా ఉంది."

"నిజంగానైతే తీసుకోనండి."

"నిజంగా ఏం చేస్తావో నాకు తెలుసు. ఇప్పుడు తీసుకో."

తీసుకున్నాడు. నాలుగో చీటీ ఖాళీ. అయిదులో జ్వరాలు, మందుల పడవకు అయిదో వీధికి రెండు గింజలు. ఆరులో మళ్ళీ మోటారు, మూడు గింజలు. ఏడో చుట్టులో బావి తూము పూడింది, రెండు గింజలు. ఎస్తేరు ఆ రెండూ తీసి కోదండం ముందు పెట్టింది. పదకొండో గుంట ఖాళీ.

పోలయ్య చెయ్యి నడుము దాకా వెళ్ళి వచ్చింది. సంచి గుమ్మం దగ్గరుంది. త్రిమూర్తులు చెక్కమూత తెచ్చి గుంట మీద పెట్టారు. ఎస్తేరు పీట వదిలి లేచి, వెళ్ళిపోకుండా గోడకు ఆనుకుని నిలబడి మిగతా ఆట చూసింది.

ఒక చుట్టంటే ఒక రోజు. కట్టుబాటు 20న మొదలైతే ఏడో రోజు 26. ఆనాటికి నారుకు పంతొమ్మిది రోజులు.

తర్వాత జరిగింది ఎవరూ ఊహించలేదు. తొమ్మిదో చుట్టులో ఎనిమిదో గుంటకు, పదో చుట్టులో పదమూడో గుంటకు మూతలు పడ్డాయి. రెండో వీధి గుంటలో గింజలు పట్టక పీట మీదికి దొర్లుతున్నాయి. కానీ పదో చుట్టు తర్వాత కోదండం దగ్గరికి ఎవరూ రాలేదు. ఆయన దగ్గర ఐసుంది, కరెంటుంది, ముప్పై ఎనిమిది గింజలున్నాయి. కొనడానికి మిగతావాళ్ళ దగ్గర గింజల్లేవు. ఉన్న ఒకటీ అరా ఎవరూ వదలడం లేదు. చివరి రెండు చుట్లూ ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"మీరు గెలిచారు కదా," అన్నాను ఆట అయ్యాక.

"నాకు ముప్పై ఎనిమిది గింజలు. మూడు వందల ఎనభై నిమిషాలు. మా వీధి ఎంత వాడినా నూట ముప్పై దాటదు. రెండు వందల యాభై కాలువలోకే. అయిదో వీధికి ఇరవై ఏడు వచ్చాయి, వాళ్ళది ఇంకో నూట యాభై కాలువలోకి." ఆయన అరచేతి మీద వేలితో కూడుతున్నారు. "నాలుగు వందలు. ఇప్పుడు పోతున్నది మూడు వందలు. నీళ్ళు వృథా కాకూడదని కట్టుబాటు రాసింది నేను."

మొదటి ఆటలో కాలువలో పోయిన లెక్క ఉందా అని త్రిమూర్తుల్ని అడిగాను. ఉంది. నూట నలభై నిమిషాలు. కట్టుబాటు అదే, చీటీల కట్ట అదే, ఆడినవాళ్ళు వాళ్ళే. తేడా మూడు గింజలు.

జూన్ 16, సోమవారం

సంఘం సమావేశం మూడు గంటలు నడిచింది. ఏ ఆట నమ్మాలన్నదే చర్చ.

నూర్జహాన్‌గారు సూటిగా అడిగారు: "మొదటి ఆటలో అందరూ బతికారు, కానీ మోసం జరిగింది. రెండో ఆటలో మోసం లేదు, మూడు వీధులు పోయాయి. శుక్రవారం నుంచి మనం ఏ ఆటలో ఉంటాం?"

"మొదటిదాంట్లోనేనండి," అన్నాడు పోలయ్య. "గోడలు ఎక్కడికీ పోవు కదా. కట్టుబాటు వచ్చినా బిందె ఆగదు."

"ఆగుతుంది," అన్నారు కోదండం. "ఇప్పుడు మిగిలిన నీళ్ళు పోస్తున్నావు. శుక్రవారం నుంచి మిగిలిన నీళ్ళంటూ ఉండవు. ప్రతి బిందెకూ ఐసు వస్తుంది, కరెంటు వస్తుంది. మీ ఆవిడ మొదటి వారం ఊరుకుంటుందేమో."

"మా ఆవిడ సంగతి మీకెందుకండి?"

"నీ సంగతే అడుగుతాను. శనివారం ఆటలో నీకు చివరికి రెండు గింజలున్నాయి. చివరి చుట్టులో మూత తీసి ఒకటి ఎస్తేరుకి వెయ్యనా అని అడిగావా?"

పోలయ్య తల అడ్డంగా ఊపాడు.

కోదండం ఒక కాగితం తీశారు. పీట మధ్యలో పదిహేనో గుంట తవ్వాలని ఆయన సూచన. అది ఏ వీధిదీ కాదు. వాడకం పోను మిగిలినవాళ్ళు అందులో గింజ వేస్తారు, ఖాళీ అయినవాళ్ళు అందులోంచి తీసుకుంటారు. నిజంలో దానికి ప్లాంటు దగ్గరే వేరే గొట్టం ఉంటుంది. ఎవరు ఎంత వేశారో పేరుతో పుస్తకంలో రాస్తారు.

"పేరు రాస్తే నేను వెయ్యను," అంది మంగతాయారు.

"ఎందుకని?" అన్నారు నూర్జహాన్‌గారు.

"బిందె పోసినట్టు నాకు గుర్తుండకూడదండి. మీరు రాస్తే గుర్తుంటాది. ఎస్తేరుకీ నాకూ ఎప్పుడో ఒకప్పుడు మాటా మాటా వస్తాది. వచ్చిన రోజున నేను వచ్చి ఆ పుస్తకం తీసి చూడనని నాకు నమ్మకం లేదు."

కొందరు నవ్వారు. ఎస్తేరు నవ్వలేదు. సమావేశంలో ఆమె మాట్లాడింది అప్పుడే మొదటిసారి.

"చూసుకో వదినా. నాకేం పర్వాలేదు."

"అదేం మాటే?"

"పోయినేడు మీ అమ్మాయి పురిటికని మూడో లంక వెళ్ళావు, గుర్తుందా? తొమ్మిది రోజులు. నువ్వు లేవని మీ గోడ మీంచి ఎవరూ పోయలేదు. రెండు మళ్ళు ఎండిపోయాయి."

"నాకు చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? నువ్విచ్చేదానికి నేను వంతు అడిగినట్టుండదూ?" ఎస్తేరు గొంతు పెంచలేదు. "నువ్వు మంచిదానివి వదినా. అయినా నువ్వు ఊళ్ళో ఉన్నావా లేదా అని చూసుకుని నారు పోయలేను. రాసినా సరే, తిట్టినా సరే, పొద్దున్న ఆరింటికి నీళ్ళు రావాలి."

మంగతాయారు కొంగు అంచు మడతపెట్టింది. "రెండు మళ్ళా?" అని ఒక్కసారి అడిగింది. ఎస్తేరు తలూపింది.

సాయంత్రం 5:10కి నిర్ణయం వచ్చింది. మూడో ఆట ఆడతారు. పదిహేనో గుంట ఉంటుంది, పేర్లు ఉండవు. గింజ వేసేవాళ్ళు గుప్పిట మూసి వేయాలి, అందరూ ప్రతి చుట్టులోనూ ఒకసారి గుప్పిట గుంటలో పెట్టి తీయాలి, వేసినా వేయకపోయినా. ఒక్క గుంటకు మూత పడినా కట్టుబాటు ఈ ఏడాదికి ఆగిపోతుంది. పడకపోతే పదిహేనో గుంటతో సహా శుక్రవారం అమల్లోకి వస్తుంది.

కోదండానికి పేర్లు లేకపోవడం నచ్చలేదు. ఎవరూ వేయకపోతే ఎవరిని అడగాలన్నారు. "అది తెలుసుకోవడానికే ఆడుతున్నాం," అన్నారు నూర్జహాన్‌గారు.

జూన్ 17, మంగళవారం

పత్రిక అంటించి వచ్చేసరికి సావడిలో వడ్రంగి పని మొదలైంది. పీట నడుమ చెక్క మందం తక్కువ, గుంట లోతు రాదన్నాడు. కిందనుంచి ముక్క అతికిస్తున్నాడు. రేపు సాయంత్రం నాలుగుకి ఇస్తానన్నాడు.

త్రిమూర్తులు కిటికీ దగ్గర చిన్న కత్తితో గింజల మీది నంబర్లు గీకేస్తున్నారు. నంబరుంటే ఆట అయ్యాక ఎవరు వేశారో తెలిసిపోతుంది. నూట నలభై గింజలకు రాత్రి దాకా పడుతుందన్నారు. పక్కన విడిగా మూడు గింజలున్నాయి: రెండు, పది, పన్నెండు. అవి ఎందుకు గీకలేదని అడిగాను.

"అవి లెక్కలో లేవు కదండీ," అన్నారు. "వాటినేం చేయాలో ఇంకా ఎవరూ చెప్పలేదు."

ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా మళ్ళీ నారుమడి దగ్గర కూర్చున్నాను. 131 బిందెలు. గురువారంకన్నా పదమూడు ఎక్కువ. నేను లెక్కపెడుతున్నానని ఈపాటికి అందరికీ తెలుసు కాబట్టి ఈ అంకెను నమ్మను, రాసి ఉంచుతాను. పదో వీధి గోడ మీంచి వచ్చిన బిందెలు మాత్రం మంగతాయారు చేతివి కావు. గాజులు వేరు. ఆమె ఎక్కడుందని అడిగితే గోడ అవతలి గొంతు ఇంట్లోనే ఉందని చెప్పింది. పదో వీధిలో ఏడిళ్ళవాళ్ళకు ఏ రోజు ఎవరు పోయాలో చెబుతోందట. కాగితం మీద రాయలేదట, నోటితోనే.

గురువారం ఉదయం 7 గంటలకు మూడో ఆట. గింజలు 140, గుంటలు 15. సంచులు గుమ్మం దగ్గరే. మొదటి చీటీ పదకొండో వీధి తీస్తుంది. పదమూడు వీధులు తమ తరఫున ఎవరు కూర్చునేదీ పేర్లిచ్చాయి. పదో వీధి ఇవ్వలేదు. వాళ్ళకు రేపు మధ్యాహ్నం పన్నెండు దాకా గడువుంది. శుక్రవారం ఉదయం ఆరింటికి కట్టుబాటు అమలు కావలసి ఉంది. ఆ రోజుకు ఎస్తేరు నారుకు పదమూడు రోజులు నిండుతాయి. పీకడానికి ఇంకా పన్నెండు కావాలి.